మచ్చలేని శస్త్రచికిత్స

ధ్యాన భాగములు: 2 రాజులు 5:1–14, లేవీయకాండము 13:18–28, యోహాను 20:24–29



మన తెలుగు భాషలో మచ్చ అనునది విచిత్రమైన మాట. ఒంటిమీది గుర్తును మచ్చ యందుము. నడవడిలోని లోపమునుకూడ మచ్చయే యందుము. మంచి పేరుగల పెద్దమనిషిని గూర్చి, ఆయన మచ్చలేనివాడని చెప్పుదుము. అందుచేతనే కాబోలు, ఆసుపత్రిలో ఆపరేషను మాట వచ్చినప్పుడు మనవారు ప్రాణమునకు భయము లేదు గదా అని అడిగిన వెంటనే, ఒక్కొక్కప్పుడు అంతకంటె ముందే, మచ్చ పడదు గదా అని అడుగుచున్నారు.

ఇప్పుడు దానికి వైద్యులు అనుకూలమైన జవాబు చెప్పగలుగుచున్నారు. చిన్న రంధ్రములగుండ చేయు ల్యాప్రోస్కోపీ పద్ధతి పట్టణములనుండి తాలూకా ఊళ్లవరకు వచ్చినది. మనవారు దానిని కుట్లులేని ఆపరేషననియు, కెమెరా ఆపరేషననియు అందురు. కొందరు లేజరు ఆపరేషననికూడ అందురు గాని, సాధారణముగా అందులో లేజరు ఏమియు ఉండదు. ఈ మాట విన్న పెద్దలు రెండు విధములుగా మాట్లాడుచున్నారు. దేహము మన్నై పోవునది, దానిమీద గీత పడిననేమి, ఇది వట్టి ఒయ్యారము అని కొందరు గద్దించుచున్నారు. దేవుడిచ్చిన దేహమును చక్కగా కాపాడుకొనుట తప్పా అని కొందరు అడుగుచున్నారు. ఈ రెండు మాటలును తొందరపాటు మాటలేనని నా తలంపు. మచ్చ వద్దను కోరికలో ఏమేమి దాగియున్నవో చూడనిదే దానిని మెచ్చుకొనుటకును గద్దించుటకును వీలులేదు.

ముందుగా, ఆ పని ఎట్లు జరుగునో కొంచెము తెలిసికొందము. పిత్తాశయములో రాళ్లు ఉన్నవనుకొనుడి. పూర్వము ప్రక్కటెముకల క్రింద జానెడు పొడవున కోసి దానిని తీసెడివారు. ఇప్పుడు బొడ్డు దగ్గర సుమారు ఒక సెంటీమీటరు రంధ్రమును, మరికొన్ని ఇంకను చిన్న రంధ్రములను చేయుదురు. కార్బన్ డయాక్సైడ్ అను వాయువును ఎక్కించి కడుపును బుడగవలె ఉబ్బింతురు. ఒక రంధ్రమున సన్నని గొట్టమునకు అమర్చిన కెమెరాను పంపి, తెరమీద చూచుచు, మిగిలిన రంధ్రములగుండ పొడుగాటి పరికరములతో పని ముగింతురు. మత్తు మాత్రము పూర్తి మత్తే. రోగి ఒకటి రెండు దినములలో ఇంటికి పోవచ్చును. కొందరికి ఆపరేషను అయిన పిమ్మట భుజము నొప్పి పెట్టును. గుండెనొప్పి ఏమోనని ఇంటివారు హడలిపోవుదురు గాని, సాధారణముగా అది లోపల మిగిలిన వాయువువలన కలుగు నొప్పి, కొద్ది దినములలో పోవును.

ఈ పద్ధతిని మొదట ఎగతాళి చేసినవారు రోగులు కారు, వైద్యులే. జర్మనీ దేశములో కీల్ పట్టణపు స్త్రీవైద్యుడు కుర్ట్ సెమ్ 1980లో ఈ విధముగా అపెండిక్సును తీసినప్పుడు ఆయన తోటివారు మిక్కిలి కోపపడిరి. అదే దేశములో ఎరిక్ మ్యూహె అను వైద్యుడు 1985 సెప్టెంబరులో పిత్తాశయమును తీసి, మరుసటి సంవత్సరము శస్త్రవైద్యుల మహాసభలో చెప్పగా వారు అంగీకరింపలేదు. 1992లో అదే సంఘమువారు ఆయనకు బహుమానమిచ్చి సన్మానించిరి. ఫ్రాన్సులో లియోన్ పట్టణమున ఫిలిప్ మూరె 1987లో ఇదే పని చేసిన పిమ్మట ఆ విద్య లోకమంతట వ్యాపించెను. మన దేశములో డాక్టరు తెహెమ్టన్ ఉద్వాడియా 1990లో ముంబయిలోని జె.జె. ఆసుపత్రిలో దీనిని మొదలుపెట్టెను. అది బీదలు వచ్చు సర్కారు ఆసుపత్రి అని గమనింపుడి. త్వరగా పనికి పోగలుగుట ధనవంతునికంటె కూలివానికే ఎక్కువ అవసరము గదా.

పెద్ద కోత కోయువాడే పెద్ద వైద్యుడని నమ్మిన ఆ దినముల వైద్యులను చూచి మనము నవ్వనక్కరలేదు. ఆ నమ్మకము మన ఊళ్లలో ఇంకను బ్రదికియున్నది. గోలీకంటె సూది మేలు, సూదికంటె సెలైను సీసా మేలు అను లెక్క మనకు బాగుగా తెలియును. ఇంత రోగమునకు ఇంత చిన్న బెజ్జమా, వేలెడు సందులోనుండి ఏమి చూచిరో ఏమి తీసిరో అని గొణుగువారిని మీరును వినియుందురు. తీసిన రాళ్లను సీసాలో వేసి చేతికిచ్చినప్పుడుగాని వారికి నమ్మకము కుదరదు.

సిరియా సైన్యాధిపతియైన నయమాను ఇట్టివాడే. అతడు వెండిని, బంగారమును, దుస్తులను బండ్లకెత్తించుకొని కుష్ఠురోగము పోగొట్టుకొనుటకు ఎలీషా వాకిటికి వచ్చెను. ప్రవక్త బయటికి వచ్చి, నిలువబడి, దేవుని పేరట ప్రార్థించి, రోగమున్న చోట చెయ్యి ఆడించునని అతడు ఎదురుచూచెను. ప్రవక్త బయటికైనను రాక, యొర్దానులో ఏడుమారులు మునుగుమని కబురు పంపెను. అంతే! నయమానుకు కోపము వచ్చెను. దమస్కు నదులు ఇంతకంటె మంచివి కావా అని గుఱ్ఱములను త్రిప్పుకొనెను. అతనికి రోగము పోవలెను, నిజమే, గాని రోగము తన హోదాకు తగినట్లు పోవలెను. అప్పుడు మాట్లాడినది గొప్పవారు కారు, అతని దాసులు. ప్రవక్త ఏదైన కష్టమైన పని చెప్పియుండిన చేసియుందువు గదా, ఇంత సుళువైనది ఎందుకు చేయవని వారు మెల్లగా అడిగిరి. వైద్యుడు చిన్న రంధ్రము చాలునని చెప్పినప్పుడు, పెద్ద కోత అయితేనే రోగము వేళ్లతో పోవునని పట్టుబట్టు ముసలి తండ్రికి ఈ దాసులవంటి కొడుకో కోడలో ఉండుట మేలు.

అయితే ఇప్పటి పడుచువారి చింత నయమాను చింతకు తలక్రిందుగా ఉన్నది. వారికి చిన్న రంధ్రము మీద నమ్మకమున్నది, పెద్ద మచ్చ అంటేనే భయము. పెండ్లికాని పిల్లకు ఇరవైనాలుగు గంటల కడుపునొప్పి వచ్చి ఆసుపత్రిలో చేర్చిరనుకొనుడి. తల్లి వైద్యుని ప్రక్కకు పిలిచి అడుగునది ఏమి? కనబడకుండ చేయుడి బాబూ, రేపు సంబంధములు చూడవలెను అని. ఇందులో ఒయ్యారమేమియు నాకు కనబడలేదు. ఆ తల్లి అద్దమును తలంచుట లేదు, పెండ్లిచూపులకు వచ్చువారి నాలుకలను తలంచుచున్నది. ఏమి ఆపరేషనో, గర్భసంచికి ఏమైన అయినదేమో, పిల్లలు పుట్టుదురో లేదో అని ఊహలు లేచునని ఆమెకు తెలియును. అపెండిక్సునకును గర్భసంచికిని సంబంధము లేదని ఆ నాలుకలకు చెప్పువారెవరు? ఆమెను గద్దించుటకుముందు, ఆ భయమును పుట్టించిన మనలను మనము గద్దించుకొనుట న్యాయము.

లేవీయకాండము పదుమూడవ అధ్యాయమును మనము గుడిలో చదువుట అరుదు. చర్మరోగములు, పుండ్లు, దద్దుర్లు. చదువుటకు ఇంపుగా ఉండదు. అయితే అందులో ఒక చక్కని సంగతి ఉన్నది. పుండు మానినచోట తెల్లని గుర్తు కనబడినయెడల యాజకుడు దానిని చూచి, ఏడు దినములు కనిపెట్టి, మరల చూడవలెను. అది వ్యాపింపక ఉన్నచోటనే ఉన్నయెడల, ఇది పుండు మానిన మచ్చయే, రోగము కాదు, ఈ మనుష్యుడు పవిత్రుడే అని అందరి యెదుట తీర్పు చెప్పవలెను. కాలిన గాయపు మచ్చను గూర్చియు అదే కట్టడ. గమనింపుడి, మచ్చ పోవువరకు వానిని పాళెము వెలుపల ఉంచుమని దేవుడు చెప్పలేదు. మానినదానికిని మాననిదానికిని గల భేదమును తెలిసికొని నోరు విప్పి చెప్పు పనిని యాజకునికి అప్పగించెను. ఆ కట్టడనుబట్టి చూచిన మచ్చ రోగమునకు గుర్తు కాదు, రోగము ముగిసినదనుటకు గుర్తు. పెండ్లి సంబంధములు మాట్లాడుకొనునప్పుడు సంఘపెద్దలును పాదిరిగారును నోరు మెదపక కూర్చుందురే, అప్పుడు వారు చేయవలసిన పని ఇదే అని నాకు తోచుచున్నది. పిల్లకు చిన్న ఆపరేషను అయినది, మానినది, దోషమేమియు లేదు అని వారు గట్టిగా చెప్పిన, ఆ తల్లి వైద్యుని చెవిలో గుసగుసలాడ నక్కరలేదు.

ఇందులో మరియొక చిక్కు ఉన్నది. మచ్చ లేకుండుట సుళువైన కొలది దాచుటయు సుళువగును. చిన్న అపెండిక్సు సంగతి దాచిన పెద్ద నష్టము లేదు. అయితే సంతానమునకు సంబంధించిన ఆపరేషను జరిగియుండగా, ఒంటిమీద గుర్తు లేదు గదా అని పెండ్లికుమారునికి గాని పెండ్లికుమార్తెకు గాని చెప్పకుండ ముడివేయుట వేరు సంగతి. చర్మము సాక్ష్యము చెప్పకపోయినంత మాత్రమున మనము చెప్పవలసిన సాక్ష్యము కొట్టివేయబడదు. యెహోవా హృదయమును లక్ష్యపెట్టునని సమూయేలు యెష్షయి ఇంట నేర్చుకొన్న పాఠము మనకు ఓదార్పుగా వినబడును గాని, ఇట్టి చోట్ల అది హెచ్చరికకూడ.

మచ్చ లేకుండ చేయుటలో వైద్యులు ఇంకను ముందుకు పోయిరి. కడుపుమీద రంధ్రమే లేకుండ, నోటిగుండ గొట్టమును జీర్ణకోశములోనికి పంపి, అచ్చట లోపలినుండి దారి చేసికొని ఆపరేషను చేయవచ్చునని తలంచిరి. అమెరికాలో ఆంథొనీ కల్లూ అను వైద్యుడును ఆయన తోడివారును జంతువులలో చేసిన ప్రయత్నమును 2004లో ప్రకటించిరి. ఆ దశకములోనే మన హైదరాబాదులో డాక్టరు జి.వి. రావు, డాక్టరు డి. నాగేశ్వరరెడ్డి అనువారు నోటిగుండ పోయి మనుష్యుని అపెండిక్సును తీసిరి. 2007 ఏప్రిలులో ఫ్రాన్సులో స్ట్రాస్‌బర్గ్ పట్టణమున జాక్ మారెస్కో బృందమువారు ఒక స్త్రీకి కడుపుమీద కనబడు మచ్చ లేకుండ పిత్తాశయమును తీసిరి.

హైదరాబాదు సంగతిలో నన్ను ఆలోచింపజేసినది ఒకటి. ఆ ఆపరేషను మొదట చేయించుకొన్నవాడు అందమునకై వచ్చినవాడు కాడు. కాలిన గాయములతో పాడైన కడుపుగలవాడు. కోయుటకు మంచి చర్మము లేనందున లోపలి దారి వెదకవలసి వచ్చినది. మచ్చలేని శస్త్రచికిత్స ఒంటినిండ మచ్చలున్నవాని మేలుకొరకు ఉపయోగపడెను. ఏది వినోదము, ఏది అవసరము అని మనము దూరమునుండి తీర్పు తీర్చరాదనుటకు ఇది చాలును.

ఆ దినములలో అమెరికావంటి దేశములలో రోగులనే నేరుగా అడిగి చూచిరి: మచ్చలేని ఈ క్రొత్త పద్ధతిని కోరుకొందురా అని. చాలమంది కోరుకొందుమనిరి. అయితే ఏది ముఖ్యమని అడిగినప్పుడు, అపాయము ఎంత, నొప్పి ఎంత, కోలుకొనుటకు ఎన్ని దినములు అనువాటిని ముందు చెప్పి, అందమును వెనుకకు నెట్టిరి. పాత పద్ధతికంటె అపాయము ఎక్కువ అని చెప్పినప్పుడు కోరువారి సంఖ్య తగ్గిపోయెను. సామాన్య జనులు మనము అనుకొన్నంత తెలివిలేనివారు కారు. సరిగా చెప్పినయెడల సరిగానే తూచుకొందురు. నోటిగుండ అపెండిక్సును, పిత్తాశయమును తీయు పద్ధతి నేటికిని సాధారణ వాడుకలోనికి రాలేదు.

సరిగా చెప్పుట అనునదే మన యొద్ద కొరత. రంధ్రము చిన్నది గనుక పనియు చిన్నదే అను భ్రమ ఊరూర వ్యాపించినది. 2022 ఆగస్టు 25వ తేదీన రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నము ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకే దినమున 34 మంది స్త్రీలకు ఈ విధముగా పిల్లల ఆపరేషను చేసిరి. కొద్ది దినములలో నలుగురు తల్లులు చనిపోయిరి. ఇన్ఫెక్షను సోకుటయే కారణమని ప్రభుత్వ విచారణలో తేలెను. అంతకుముందు 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములోని బిలాస్‌పూర్ ప్రాంతమున ఒక శిబిరములో కొద్ది గంటలలో 83 మందికి ఆపరేషనులు చేయగా, ఆ దినముల శిబిరములకు పోయినవారిలో పదిమందికి పైగా మరణించిరి. వారి కడుపులమీద ఉన్న గాయము వేలి గోరంతయే. అంత చిన్న గాయముగుండ మరణము లోపలికి పోయెను. వీరిని తలంచుకొన్నప్పుడు, మచ్చ ఎంత అను ప్రశ్నకంటె, పరికరములు ఎట్లు శుద్ధి చేసిరి, ఈ దినమున ఎంతమందికి చేయుచున్నారు అను ప్రశ్న ఎంత పెద్దదో తెలియును. (పురుషులకు చేయు కోతలేని పద్ధతి ఒకటి 1974లోనే చైనాలో లీ షున్‌చియాంగ్ అను వైద్యుడు కనిపెట్టెను. అది స్త్రీలకు చేయుదానికంటె సుళువు. అయినను బల్లమీద పండుకొనునది మాత్రము ఇల్లాలే. ఈ సంగతి పురుషుల కూటములలో ఎప్పుడైన మాట్లాడుకొనవచ్చును.)

గర్భసంచి ఆపరేషను సంగతియు చెప్పక తప్పదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలలో, 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతటిలో 100కి సుమారు 3; ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9, తెలంగాణలో సుమారు 8. వీటిలో అన్నియు రంధ్రముల పద్ధతిన చేసినవి కావు, కొన్ని నిజముగా అవసరమైనవియు ఉండును. అయినను ఇంత ఎక్కువ ఎందుకు? కత్తి భయము ఉన్న దినములలో, ఇది తప్పదా, మందుతో పోదా అని నాలుగిండ్లు తిరిగి అడిగెడివారు. కోత చిన్నదైన కొలది ఆ ఆలోచనయు చిన్నదైపోవునేమోనని నా భయము. గోపురము కట్టగోరినవాడు ముందుగా కూర్చుండి లెక్క చూచుకొనునని ప్రభువు చెప్పిన ఉపమానములో, గోపురపు తలుపు చిన్నదైనయెడల లెక్క మానవచ్చునని లేదు. వేరొక వైద్యుని సలహా అడుగుట మొదటి వైద్యుని అవమానపరచుట కాదు. అట్లే, రంధ్రములతో మొదలుపెట్టి, లోపల వాపు ఎక్కువగా ఉండి పైత్యనాళము సరిగా కనబడనందున వైద్యుడు కడుపు కోసి ముగించినయెడల, మోసపోతిమని గొడవపడకుడి. మాట నిలుపుకొనుటకంటె ప్రాణము నిలుపుటను ఎన్నుకొన్నవాడు ఆయన.

ఇక నా మనస్సును ఎక్కువగా బాధించు సంగతి. మన ఊళ్లలో స్త్రీకి విశ్రాంతి ఎట్లు దొరకును? కుట్లను చూపిననే దొరకును. పెద్ద కోత అయిన కోడలికి అత్తగారు నెల దినములు బిందె ఎత్తనియ్యరు. పప్పు తిన్న చీము పట్టును, పెరుగు తిన్న వాపు వచ్చును అని లేని పథ్యములు సహితము పెట్టుదురు. అది వైద్యము కాకపోయినను, ఆమె రోగి అని ఇల్లంతయు ఒప్పుకొన్నట్లు. అదే కోడలికి రంధ్రముల ఆపరేషను అయినయెడల? మూడవ నాటికే, ఏమి అయినదని, రెండు చుక్కలే గదా అను మాట వచ్చును. నాట్లు మీదికి వచ్చినవి, మిరపకాయలు పండి రాలుచున్నవి, పొమ్మందురు. లోపల కత్తిరించి ముడివేసిన చోట్లు పైచర్మమువలె త్వరగా గట్టిపడవు. ఆపరేషను ఏదో దానినిబట్టి, కొన్ని వారములు బరువు ఎత్తవద్దని వైద్యులు చెప్పుదురు. ఆ మాట కాగితముమీద ఉండును, చర్మముమీద ఉండదు. చూపుటకు మచ్చలేనందున ఆమె అబద్ధికురాలగును.

ప్రభువు పునరుత్థానుడై వచ్చినప్పుడు ఆయన దేహముమీద గాయపు గుర్తులు ఉండెను. మరణమును జయించినవానికి ఆ గుర్తులను తుడిచివేసికొనుట కష్టమా? ఆయన వాటిని ఉంచుకొనెను. తోమా చూడనిదే నమ్మననగా, ఆయన చేతులు చాపి చూపెను. మచ్చలుగల విశ్వాసులకు ఇంతకంటె ధైర్యము వేరొకటి లేదు. బలిపశువునకు కళంకము ఉండరాదని ధర్మశాస్త్రము చెప్పినను, మనకొరకైన గొఱ్ఱెపిల్ల గాయపు గుర్తులతోనే మహిమలో నిలిచియున్నాడు. అయితే ఆ కథ అచ్చట ముగియలేదు. చూచి నమ్మిన తోమాకు ప్రభువు చెప్పిన చివరి మాట, చూడకయే నమ్మువారి ధన్యతను గూర్చి. దానిని మనము ఎల్లప్పుడును పరలోక సంగతులకే అన్వయించుకొందుము. ఇంటిలోని మంచముమీద పండుకొని, నొప్పిగా ఉన్నదత్తమ్మా అని చెప్పు కోడలికి దానిని ఏల అన్వయింపరాదు? గుర్తు చూపుమని ఆమెను అడుగువారు తోమాకంటె కఠినులు. తోమా తన ప్రభువును పొలమునకు పొమ్మనలేదు.

స్త్రీల సమాజమువారు బాలింతలను చూడబోవునప్పుడు రొట్టెయు పాలును తీసికొనిపోవు ఆచారము మన సంఘములలో ఉన్నది. కుట్లులేని ఆపరేషను అయి వచ్చినవారి ఇంటికికూడ పోవుదురు గాక. పోయి గాయము చూపుమని అడుగక, బరువు ఎత్తకుండ ఎన్ని వారములు ఉండుమని డాక్టరుగారు చెప్పిరో అడుగుడి. కాగితములో వ్రాసియున్నయెడల అత్తగారికిని భర్తకును వినబడునట్లు బిగ్గరగా చదువుడి. ఆ వారములు నిండువరకు బోరింగు దగ్గరనుండి ఆమె నీళ్లబిందెను ఎవరు మోయుదురో, ప్రార్థన ముగించి లేచుటకుముందే వంతులు వేసికొనుడి.